ఆరు నెలల్లో మూడు నెలలు కంట్రోళ్ళకే

అంతరిక్ష బయోటెక్నాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళు విదేశీ ల్యాబుకు వెళ్ళబోయే ముందు రాసే ప్రణాళికలు వరసగా నాలుగైదు చదివితే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. స్ట్రెయిన్లు (సూక్ష్మజీవుల రకాలు) ఆరు, మీడియాలు (వాటిని పెంచే పోషక ద్రవాలు) రెండు, శాంపిల్ తీసే వేళలు మూడు, ఒక్కోదానికి మూడేసి రెప్లికేట్లు. భారరహిత స్థితిని అనుకరించే యంత్రంలో తిప్పినవీ తిప్పనివీ కలిపి 216 శాంపిళ్ళు. పట్టిక చూడముచ్చటగా ఉంటుంది. నా అభ్యంతరమల్లా ‘తిప్పనివి’ అన్న ఆ ఒక్క మాట దగ్గరే. కంట్రోళ్ళ గురించి, అంటే పోల్చి చూడటానికి పక్కన నడిపే శాంపిళ్ళ గురించి, ప్రణాళిక మొత్తంలో ఉండేది ఆ మాట ఒక్కటే.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. విదేశంలో ఆరు నెలలు దొరికితే అందులో సగం, అంటే 13 వారాలు, కంట్రోళ్ళకే కేటాయించాలి. స్ట్రెయిన్లు ఆరు నుంచి రెండుకు తగ్గాలి. ఒకటికి తగ్గినా పరవాలేదు. అంత దూరం వెళ్ళి, అంత అరుదైన యంత్రం ముందు కూర్చుని, ‘కంట్రోళ్ళు చేసుకొచ్చాను’ అని గైడుకు చెప్పడం ఎంత కష్టమో ఊహించగలను. అయినా ఈ మాట ఎందుకంటున్నానో కాస్త వివరంగానే రాయాలి.

తిప్పితే బరువు పోదు

భూమ్మీద సూక్ష్మ గురుత్వాన్ని, అంటే దాదాపు భారరహిత స్థితిని, అనుకరించడానికి జీవశాస్త్ర ల్యాబుల్లో ఎక్కువగా వాడేవి మూడు యంత్రాలు. ఒకే ఇరుసు మీద తిరిగే క్లైనోస్టాట్, రెండు ఇరుసుల మీద ఎటుపడితే అటు దిశ మార్చుకునే రాండమ్ పొజిషనింగ్ మెషిన్, నాసా జాన్సన్ అంతరిక్ష కేంద్రంలో పుట్టిన రొటేటింగ్ వాల్ వెసెల్. వీటిలో ఏదీ గురుత్వాన్ని తీసెయ్యదు. కణానికి అది ఒక వైపు నుంచే తగలకుండా దిశ మారుస్తూ ఉంటుంది, అంతే. 2013లో ఆస్ట్రోబయాలజీ పత్రికలో వచ్చిన సిఫార్సుల పత్రం ఈ యంత్రాల మీద వచ్చిన ఫలితాలకు ‘అనుకరించిన సూక్ష్మ గురుత్వం’ అనే పేరే వాడమని చెప్పింది అందుకే. చాలామంది దాన్ని పదాల పట్టింపు అనుకుంటారు. ఒక చిన్న లెక్క వేస్తే అసలు విషయం తెలుస్తుంది.

నిమిషానికి 60 చుట్లు తిరిగే క్లైనోస్టాట్‌లో ఇరుసుకు 2 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న కణం మీద అపకేంద్ర త్వరణం భూగురుత్వంలో 0.008 వంతు. ఫరవాలేదు. అదే వేగంలో 4 సెంటీమీటర్ల దూరంలో ఉన్న కణం మీద 0.16 వంతు. చంద్రుడి మీద ఉండే గురుత్వం దాదాపు అంతే. 8 సెంటీమీటర్ల వెడల్పున్న ఫ్లాస్కును క్లైనోస్టాట్‌కు బిగించారంటే నడిమధ్య కణం కక్ష్యలో ఉన్నట్టు, అంచు కణం చంద్రుడి మీద ఉన్నట్టు. తర్వాత రెండిట్నీ ఒకే ట్యూబులో కలిపేసి, ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూడటానికి ఆర్‌ఎన్‌ఏ తీస్తారు.

వేగం తగ్గిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. వేగం సగమైతే ఆ త్వరణం నాలుగో వంతుకు పడిపోయే మాట నిజమే. కానీ 5 మైక్రోమీటర్ల ఈస్టు కణం నీటిలో సెకనుకు సుమారు 1.4 మైక్రోమీటర్లు దిగుతుంది. నిమిషానికి 60 చుట్లయితే ఒక్క చుట్టులో అది తన ఒంటి పొడవంత కూడా కదలదు. నిమిషానికి 2 చుట్లకు తగ్గిస్తే ఒక్కో చుట్టులో 40 మైక్రోమీటర్లు, అంటే తన పొడవుకు ఎనిమిది రెట్లు తిరిగొస్తుంది. కాబట్టి పాత్ర వెడల్పు, కణం పరిమాణం, తిరిగే వేగం మూడూ కలిపే తేల్చుకోవాలి. మొదటి రన్ (ఒక విడత ప్రయోగం) మొదలుపెట్టే ముందే ఈ లెక్క నోట్‌బుక్కులో ఉండాలి.

బాక్టీరియా దగ్గరికొస్తే వ్యవహారం ఇంకా సున్నితం. 1 మైక్రోమీటరు కణం గంటకు 0.2 మిల్లీమీటర్లు దిగితే ఎక్కువ. అంత చిన్నదానికి గురుత్వం నేరుగా తగిలేది చాలా తక్కువ. దాని చుట్టూ ఉన్న ద్రవానికే తేడా పడుతుంది: వేడి ద్రవం పైకి, చల్లటిది కిందికి కదిలే ప్రవాహం ఆగిపోతుంది, కణాలు అడుగున పొరగా చేరడం ఆగిపోతుంది, పోషకాలూ వ్యర్థాలూ విసరణ మీదే ఆధారపడతాయి. కదలని నీటిలో ఆక్సిజన్ ఒక మిల్లీమీటరు దాటడానికి నాలుగు నిమిషాలు, ఐదు మిల్లీమీటర్లకైతే గంటా ముప్పావు పడుతుంది. ‘గురుత్వ ప్రభావం’ అని మనం రాసుకునేదాంట్లో చాలా భాగం కల్చర్ కలిసిందా, కలవలేదా అన్న సంగతే కావచ్చు. ఆ రెండిట్నీ విడదీసేది కంట్రోలే.

అందుకే ‘తిప్పనిది’ ఒక్కటీ చాలదు. కదలకుండా ఉంచినది ఒకటి, అదే పాత్రను నిలువు ఇరుసు మీద అదే వేగంతో తిప్పినది ఒకటి, బాగా కలియబెట్టినది ఒకటి కావాలి. బాక్టీరియా ఈదేదైతే ఫ్లాజెల్లా (ఈదడానికి వాడే తోకలు) పనిచేయని మ్యూటెంట్ నాలుగోది. ఈదే కణాలు తమ చుట్టూ ఉన్న ద్రవాన్ని తామే కలుపుకుంటాయి. ఈదలేని స్ట్రెయిన్‌లో కనిపించిన తేడా ఈదే స్ట్రెయిన్‌లో మాయమైతే, కారణం ద్రవం కదలికలో ఉందని తెలుస్తుంది.

బుడగ

రొటేటింగ్ వాల్ వెసెల్‌లో బాక్టీరియా పనికి ఎక్కువగా వాడేది హార్వ్ అనే బిళ్ళలాంటి పాత్ర. దాని వెనక గోడ సిలికోన్ పొర, ఆక్సిజన్ అందులోంచే వస్తుంది. పాత్రలో గాలి అసలుండకూడదు. ఒక్క బుడగ మిగిలినా అది పైకి తేలి అక్కడే ఉండిపోతుంది. పాత్ర తిరుగుతుంటే ద్రవం దాని చుట్టూ ఒరుసుకుంటూ పోతుంది. ఇక ఈ పాత్రను వాడటానికి మూలమైన తక్కువ ఒరిపిడి అనే షరతు అక్కడితో సరి.

బుడగ ఎక్కడినుంచి వస్తుందంటే, చాలాసార్లు ఫ్రిజ్‌లోంచే వస్తుంది. చల్లటి మీడియంలో కరిగిన గాలి ఎక్కువ. 25 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 37 డిగ్రీల్లో 7 కూడా పట్టదు. మిగిలింది పాత్రలోకి వెళ్ళాక బుడగలై బయటపడుతుంది. మీడియాన్ని ముందే కల్చర్ ఉష్ణోగ్రతకు తెచ్చి, కాసేపు అలా వదిలేసి, అప్పుడు నింపాలి. నింపాక రెండు సిరంజీలు తగిలించాలి. ఒకదాంట్లో మీడియం, రెండోది ఖాళీ. పాత్రను వంచుతూ బుడగను ఖాళీ సిరంజి రంధ్రం కిందికి తెచ్చి, ఇటు నెమ్మదిగా నెడుతూ అటు లాగాలి. వేళ్ళతో గోడ మీద తట్టితే అంటుకున్న చిన్న బుడగలు వదులుతాయి. ఆ తర్వాత ఒక గంటకు, ఆపైన మూడో గంట, ఆరో గంట చూడాలి. కార్బన్ డయాక్సైడ్ వదిలే కల్చరైతే తానే బుడగలు పుట్టిస్తుంది. చక్కెర తగ్గించడమో, రన్ కుదించడమో తప్ప దానికి మందు లేదు.

ఇందులో ఒక చిక్కుంది. నిలువు ఇరుసు కంట్రోల్‌లో బుడగ వచ్చినా పైన కదలకుండా కూర్చుంటుంది, దాదాపు ఏ హానీ చెయ్యదు. అడ్డ ఇరుసు పాత్రలో మాత్రం నష్టం జరుగుతుంది. అంటే ఒకే తప్పు ఒక వైపే ఫలితం మారుస్తుంది. గణాంకాలు దాన్ని చక్కగా ‘అర్థవంతమైన తేడా’గా చూపిస్తాయి. ఇలాంటిదే ఇంకొకటి: కంట్రోల్‌లో సిలికోన్ పొర కింది వైపుంటే, దిగిన కణాలన్నీ నేరుగా ఆక్సిజన్ వచ్చే చోట చేరతాయి. తిరిగే పాత్రలోని కణాలకు ఆ సౌకర్యం లేదు. పొరను పైకి పెట్టి ఇంకో కంట్రోల్ నడిపితే తప్ప ఈ సంగతి బయటపడదు. ఆ ఒక్క ప్రశ్నకు మూడు రెప్లికేట్లతో, ముందు పాడైపోయే రన్లతో కలిపి రెండు వారాలు పడుతుంది. రెండు వారాలు వృథా అనుకునే విద్యార్థి ప్రణాళికలో ఆ ప్రశ్నే ఉండదు.

శాంపిల్ దించే వరస గురించి కూడా చెప్పాలి. బాక్టీరియా ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ సగం కరిగిపోవడానికి పట్టేది కొన్ని నిమిషాలే. నాలుగు పాత్రలు, ఒక్కోటి ఖాళీ చెయ్యడానికి మూడు నిమిషాలు అనుకుంటే మొదటిదానికీ చివరిదానికీ తొమ్మిది నిమిషాల తేడా. తిప్పినవన్నీ ముందు, కంట్రోళ్ళన్నీ తర్వాత దించితే ఆ తొమ్మిది నిమిషాలు కూడా గురుత్వం ఖాతాలో పడిపోతాయి. తిప్పినది, కంట్రోలు, కంట్రోలు, తిప్పినది అనే వరసలో దించాలి. మరుసటి రన్‌లో వరస తిరగెయ్యాలి. ఆర్‌ఎన్‌ఏ చెడిపోకుండా కాపాడే ఆర్‌ఎన్‌ఏ లేటర్ వాడితే ఇంకో జాగ్రత్త: అది ఉప్పు నిండిన చిక్కటి ద్రవం, అందులో కణాలు సెంట్రిఫ్యూజ్‌లో సరిగా అడుగుకు దిగవు. చల్లటి పీబీఎస్ (పలుచటి ఉప్పు ద్రావణం) సమానంగా కలిపి పలుచన చేశాకే తిప్పాలి. ఈ సంగతి తెలియక సగం కణాలు పారబోసుకుని, వచ్చిన కాస్త ఆర్‌ఎన్‌ఏను చూసి ‘ఒత్తిడి వల్ల తగ్గింది’ అనుకోవడం చాలా సులభం.

సెంట్రిఫ్యూజ్ వచ్చాకే నమ్మారు

కంట్రోల్ విలువకు ఈ రంగంలో అందరికీ తెలిసిన ఉదాహరణ లింఫోసైట్లది. 1983లో స్పేస్‌ల్యాబ్-1 అనే షటిల్ యాత్రలో ఆగస్టో కోగోలి బృందం మనిషి లింఫోసైట్లకు (ఒక రకం తెల్ల రక్తకణాలకు), వాటిని విభజనకు ప్రేరేపించే కాంకనావలిన్-ఎ ఇచ్చి చూస్తే అవి దాదాపు స్పందించనే లేదు. గొప్ప ఫలితమే. కానీ ప్రయాణపు కుదుపులా, రేడియేషనా, గురుత్వమా అన్న ప్రశ్న మిగిలిపోయింది. 1985లో డీ-1 అనే మరో షటిల్ యాత్రలో, కణాలను పెంచే బయోర్యాక్ అనే పరికరంతో పాటు భూగురుత్వాన్ని ఇచ్చే సెంట్రిఫ్యూజ్ కూడా వెళ్ళింది. కక్ష్యలోనే, అదే రేడియేషన్‌లో, ఆ సెంట్రిఫ్యూజ్ మీద ఉన్న కణాలు స్పందించాయి. అప్పుడు గాని కారణం గురుత్వమే అనడానికి గట్టి ఆధారం దొరకలేదు. మధ్యలో రెండేళ్ళు గడిచాయి, ఇంకో యాత్ర ఖర్చయింది.

సాల్మొనెల్లా కథ ఇంకా ఆసక్తికరం. 2006 సెప్టెంబరులో ఎస్‌టీఎస్-115 షటిల్ యాత్రలో వెళ్ళొచ్చిన సాల్మొనెల్లా ఎలుకల్లో మరింత ప్రాణాంతకమైందని 2007లో చెరిల్ నికర్సన్ బృందం ప్రకటించింది. పత్రికలన్నీ రాసింది ఇంతవరకే. తర్వాతి ఏడాది అదే బృందం, మీడియం మారిస్తే ఆ పెరుగుదల కనబడడం లేదని, అందులోని లవణాలు, ముఖ్యంగా ఫాస్ఫేట్, ఆ స్పందనను మారుస్తున్నాయని చూపించింది. నా దృష్టిలో రెండో పత్రమే పెద్దది. మొదటిది అంతరిక్షంలో ఏదో జరిగిందని చెప్పింది. రెండోది దాన్ని ఆపడానికి ఎక్కడ చెయ్యి పెట్టాలో చెప్పింది. అది ‘మీడియం కంట్రోల్’ అని ఒక గడిలో రాసి వదిలేసే పని నుంచే పుట్టింది.

‘అవి ఇంటి దగ్గరే చేసుకోవచ్చుగా’

నా వాదనకు ఎదురయ్యే గట్టి ప్రశ్న ఇదే. విదేశంలో గడిపే ప్రతి వారం ఖరీదైనది. కంట్రోళ్ళు సొంత ల్యాబులోనే చేసుకుని, అక్కడ యంత్రం మీద మాత్రమే సమయం పెట్టొచ్చుగా?

కొంతవరకు ఒప్పుకుంటాను. పెరుగుదల రేఖలు, మీడియం ఎంపిక, ఆర్‌ఎన్‌ఏ ఎంత వస్తుందో చూసుకోవడం, ప్రైమర్లు పరీక్షించడం అన్నీ బయల్దేరేముందే అయిపోవాలి. అవి అక్కడికెళ్ళి చేస్తే నిజంగానే నేరం. కానీ కంట్రోల్ అంటే పక్కనే నడిచేది. అదే మీడియం లాటు, అదే ఇంక్యుబేటరు, అదే మోటారు వేడి, అదే వణుకు. తిరిగే యంత్రం మూసిన ఇంక్యుబేటరులో ఉంటే మోటారు వల్ల పాత్ర దగ్గర ఉష్ణోగ్రత తెరమీద చూపించే అంకె కన్నా ఎక్కువ ఉండొచ్చు. ఉష్ణోగ్రతను నమోదు చేసే చిన్న లాగర్‌ను పాత్ర పక్కనే అంటించి ఒక రాత్రి వదిలేస్తే తేలిపోతుంది. ఒక్క డిగ్రీ తేడా వచ్చినా పెరుగుదల రేటులో కనబడుతుంది. వేరే ఖండంలో, వేరే ఇంక్యుబేటరులో చేసిన కంట్రోల్ ఈ డిగ్రీని ఎలా పట్టుకుంటుంది?

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పంపే ప్రయోగాల్లో ఈ సూత్రాన్ని చాలా కచ్చితంగా పాటిస్తారు. నేల మీది కంట్రోల్‌ను ఒకటి రెండు రోజుల ఆలస్యంతో మొదలుపెట్టి, కక్ష్యలో నమోదైన ఉష్ణోగ్రతను గంట గంటకూ దాని మీద తిరిగి నడుపుతారు. మొక్కల ప్రయోగమైతే కార్బన్ డయాక్సైడ్ కూడా కలుపుతారు, ఎందుకంటే కేంద్రం గాలిలో అది బయటి గాలికన్నా దాదాపు పదింతలు ఉంటుంది. రాకెట్ ప్రయోగం వాయిదా పడితే లోపలున్న కణాలు ఎన్ని గంటలు అదనంగా కూర్చున్నాయో నేల మీదివీ అన్ని గంటలు కూర్చోవాలి. అంతరిక్షానికి పంపేటప్పుడు ఇంత శ్రద్ధ అవసరమైనప్పుడు బల్ల మీది యంత్రానికి మాత్రం ఎందుకు అక్కర్లేదు?

నా లెక్క కుదరని చోటు ఒకటుంది. పైకి లేచి దిగుతూ కొన్ని సెకన్లు భారరహిత స్థితినిచ్చే పారాబోలిక్ విమానంలో చోటు దొరికినవాళ్ళకీ, జర్మనీలోని బ్రెమెన్‌లో జార్మ్ అనే పరిశోధన సంస్థ టవరులో పైనుంచి పడవేసే ప్రయోగం చేసేవాళ్ళకీ 13 వారాల విభజన వర్తించదు. ఆ ప్రయోగాల తేదీలు వాళ్ళ చేతిలో ఉండవు. కానీ విమానంలో 22 సెకన్ల భారరహిత స్థితికి ముందూ వెనకా ఇరవై సెకన్ల చొప్పున 1.8 రెట్ల గురుత్వం ఉంటుంది. ఒక్కో ప్రయాణంలో ఇలా 31 సార్లు. దేనివల్ల ఏమైందో తేల్చాలంటే 1.8 రెట్ల గురుత్వాన్నే సెంట్రిఫ్యూజ్ మీద, అదే వరసలో, నేల మీద ఇచ్చి చూడాలి. వారాలు తగ్గుతాయేమో గాని పని తగ్గదు.

కాగితాలకు పోయే వారాలు

ఆరు నెలలంటే 26 వారాలని ప్రణాళిక రాస్తారు. చేతికి వచ్చేది అంతకన్నా తక్కువ. భద్రతా శిక్షణ పూర్తయ్యేదాకా ల్యాబులోకి రానివ్వరు. స్ట్రెయిన్ పంపాలంటే రెండు సంస్థలూ సంతకం చేసిన పదార్థ బదిలీ ఒప్పందం కావాలి. ఏదైనా దేశపు మట్టిలోంచి వేరుచేసిన బాక్టీరియా అయితే నగోయా ప్రోటోకాల్ (జీవ వనరుల వాడకంపై అంతర్జాతీయ ఒప్పందం) కింద ఆ దేశపు అనుమతి పత్రం అడగొచ్చు. జన్యుమార్పిడి చేసినదైతే ఆతిథ్య ల్యాబు అనుమతి జాబితాలో ఆ స్ట్రెయిన్ ఉందో లేదో చూసుకోవాలి. పొడి మంచు పెట్టెలో పంపితే కస్టమ్స్‌లో వారాంతం ఇరుక్కున్నా చాలు, కల్చర్ పోయినట్టే. ఫ్రీజ్ డ్రై చేసిన ఆంపూల్ పంపడం మేలు. అంతకన్నా మేలు, ఆతిథ్య ల్యాబునే జర్మనీలోని డీఎస్‌ఎమ్‌జెడ్ లాంటి కల్చర్ కలెక్షన్ (సూక్ష్మజీవుల భాండాగారం) నుంచి తెప్పించుకోమనడం. కాకపోతే అప్పుడు సొంత ల్యాబులో ఏళ్ళ తరబడి సాగిన స్ట్రెయిన్‌కూ దీనికీ మధ్య మ్యుటేషన్లు ఉండొచ్చు. రెండిటి జీనోమ్‌నూ సీక్వెన్స్ చేయించుకోవాలి. ఇదీ కంట్రోలే.

ఏ తేడా రాకపోతే?

మనసులో నిజంగా ఉండే భయం ఇది. కంట్రోళ్ళు గట్టిగా పెడితే తేడా మాయమైపోవచ్చు, పత్రం రాదు, థీసిస్‌లో ఒక అధ్యాయం ఖాళీ. ఈ భయాన్ని కొట్టిపారెయ్యను. ఫెలోషిప్ ఇచ్చేవాళ్ళు నివేదిక అడుగుతారు, ‘ఏమీ తేలలేదు’ అని రాయడానికి ధైర్యం కావాలి.

కానీ బయోరాక్ (BioRock) ప్రయోగాన్ని చూడండి. పైన చెప్పిన బయోర్యాక్ వేరు. 2019లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ కాకెల్ నేతృత్వంలో మూడు బాక్టీరియాలను బసాల్ట్ రాతి మీద పెట్టి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పంపారు. కూబిక్ ఇంక్యుబేటర్లలో సూక్ష్మ గురుత్వం, అంగారకుడి గురుత్వం, భూగురుత్వం మూడిటి కింద 21 రోజులు నడిపారు. 2020లో వచ్చిన ఒక పత్రం, స్ఫింగోమోనాస్ డెసికాబిలిస్ మూడు గురుత్వాల్లోనూ రాతిలోంచి రేర్ ఎర్త్ మూలకాలను లాగగలిగిందని చెప్పింది. అదే ఏడాది వచ్చిన ఇంకో పత్రం శీర్షికలోనే చివరి కణసంఖ్య మీద గురుత్వ ప్రభావం లేదని రాసుకుంది. తేడా లేదన్న మాటను శీర్షికలో పెట్టగలిగారంటే, ఆ మూడు గురుత్వాలూ ఒకే యాత్రలో, ఒకే రకం యంత్రంలో పక్కపక్కన ఉండబట్టే. కంట్రోల్ బలహీనంగా ఉన్నప్పుడు ‘తేడా లేదు’ అనడానికి కూడా అర్హత ఉండదు. సూక్ష్మజీవులతో రాతిలోంచి లోహాలు తీసే బయోమైనింగ్ గురించి ఆలోచించేవాళ్ళకు ఆ ఫలితం శుభవార్త కూడా. గురుత్వం తగ్గినంత మాత్రాన కణసంఖ్య పడిపోకపోతే రియాక్టరు రూపకల్పనలో ఒక బెంగ తగ్గుతుంది.

గురుత్వంతో సంబంధం లేని పనికీ ఇదే మాట. జార్మ్‌లో సిప్రియన్ వెర్సో బృందం అనబీనా అనే సయనోబాక్టీరియాను 100 హెక్టోపాస్కల్స్ పీడనంలో, 96 శాతం నైట్రోజన్, 4 శాతం కార్బన్ డయాక్సైడ్‌తో పెంచి 2021లో ప్రచురించింది. అలాంటి ల్యాబుకు వెళ్ళే విద్యార్థి అంగారకుడి మట్టిని పోలిన పొడి వాడతాడు. ఆ పొడి కల్చర్‌లో తేలుతుంటే స్పెక్ట్రోఫోటోమీటరు చూపే అంకె మట్టిదా, కణాలదా తెలియదు. క్లోరోఫిల్‌ను మిథనాల్‌లోకి తీసి కొలవాలి. కణాలు లేని పొడి మాత్రమే ఉన్న పాత్ర ఒకటి మొదటి రోజు నుంచి చివరి రోజుదాకా నడవాలి, దాని పీహెచ్ కూడా రోజూ రాయాలి. అసలు అంగారకుడి మట్టిలో 2008లో నాసా ఫీనిక్స్ నౌక కనిపెట్టిన పెర్‌క్లోరేట్ అనే లవణం ఈ పొడుల్లో చాలావాటిలో ఉండదు, విడిగా కలుపుకోవాలి. కలిపినది, కలపనిది రెండూ కావాలి. పాత్రల సంఖ్య ఇక్కడే రెట్టింపవుతుంది, స్ట్రెయిన్ల సంఖ్య తగ్గాల్సిందీ ఇక్కడే.

తిరుగు ప్రయాణానికి ముందు చివరి వారం కొత్త రన్ ఏదీ పెట్టకూడదు. లాగర్ ఫైళ్ళన్నీ, ప్రతి పాత్ర సీరియల్ నంబరు, సిలికోన్ పొర ఎన్నిసార్లు ఆటోక్లేవ్ అయిందో, మీడియం లాటు నంబర్లు, శాంపిల్ దించిన నిమిషాలు కాపీ చేసుకోవాలి. పాడైన రన్ల జాబితా విడిగా ఉండాలి. ‘11వ రన్, 2వ పాత్ర, ఆరో గంట, పైన బియ్యపు గింజంత బుడగ, తీసి పారేశాం, కంట్రోల్‌లోంచీ అంతే పరిమాణం తీశాం’ అని అక్షరాలా రాసి ఉండాలి. ఏడాది తర్వాత రివ్యూయర్ అడిగేది ఆ వరస గురించే. అప్పటికి ఆ యంత్రం ముందు వేరే విద్యార్థి కూర్చుని ఉంటాడు.